వృక్షనామములు – వనపటములు: తూర్పు కనుమల చరిత్రము

ఒక వృక్షమునకుఁ బేరుండుట వేఱు. ఆ వృక్షమున్న చోటు తెలిసియుండుట వేఱు. మొదటిది కోశకారుని పని, రెండవది పటకారుని పని. ఈ రెండు పనులును చిరకాలము వేఱువేఱు దారులను నడచినవి. అడవులలో నెచ్చట నెక్కువ జాతుల చెట్టుచేమలున్నవో, వానిలో మఱెచ్చటను బెరుగనివి యెన్నియో, ఆ చోట్లలో నాశమునకు లోనగుచున్న వేవో నిర్ణయించి పటముపైఁ గుఱుతుపెట్టుట నేఁడు వనరక్షణమునకు మొదటి మెట్టుగా నెన్నఁబడుచున్నది. అట్టి చోటిని ఇంగ్లీషువారు ‘హాట్‌స్పాట్’ అందురు. తెలుఁగున వైవిధ్యకేంద్రమని చెప్పవచ్చును. ఈ పటముల చరిత్రమునందు తెలుఁగువారి కొండలకును, తెలుఁగు మాటలకును గల పాలు తగినంతగా గుర్తింపఁబడలేదు. దానిని వరుసగాఁ బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రాచీనులు చెట్లను గుఱించి వ్రాసినది తక్కువ కాదు. అమరకోశమున ద్వితీయకాండమందు వనౌషధివర్గమున్నది. అందు ఒక్కొక్క చెట్టునకు పర్యాయపదములు చెప్పఁబడినవి; కాని యా చెట్టు ఏ కొండపైఁ బెరుగునో చెప్పఁబడలేదు. కోశమునకు అది విషయము కాదు. చరకసంహిత కల్పస్థానమున భూమి జాంగలము, ఆనూపము, సాధారణము అని మూఁడు విధములుగా విభజింపఁబడి, ఒక్కొక్కదానియందుఁ బెరుగు వృక్షములు పేర్కొనఁబడినవి. ఓషధి పుట్టిన చోటిని బట్టి గుణము మాఱును గనుక వైద్యులకు చోటు కావలసివచ్చెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున కుప్యాధ్యక్షుఁడను అధికారికి వనద్రవ్యములను సమకూర్చు పని విధింపఁబడినది. ద్రవ్యవనములు వేఱుగను, హస్తివనములు వేఱుగను ఎన్నఁబడినవి. వైద్యుఁడు గుణమును జూచెను, రాజు ఆదాయమును జూచెను. చెట్టు తాను నిలిచియుండుటకై చోటిని గుర్తింపవలెనను తలంపు ఈ రెంటను బ్రధానము కాదు. ఇది వారి లోపమని చెప్పఁదగదు. అడవి తఱిగిపోవునను భయము నేఁటియంతగా వారికిఁ గలుగలేదు.

వ్యాకరణమున మాత్రము చెట్టును, చోటును గలిపి చూపు ప్రకరణ మొకటి కలదు. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము రెండవ పాదమున, ఒక వస్తువు ఒక చోట నున్నదను నర్థమున ఆ చోటికిఁ బేరేర్పడు విధము చెప్పఁబడినది. మేడిచెట్లు గల దేశము ఔదుంబరమని వృత్తికారు లుదాహరించిరి. ఆ పాదమందే వరణవృక్షములకు దగ్గఱనున్న నగరమునకు ‘వరణాః’ అను పేరు సాధింపఁబడినది. తెలుఁగున నీ మర్యాద మిక్కిలి వ్యాపించినది. నేరేడుచర్ల, చింతపల్లి, వేపగుంట మొదలగు నూళ్లు తమ చెట్లను తమ పేళ్లలోనే చెప్పుచున్నవి. నల్లమలలోని మద్దిమడుగు అట్టిదే. పటములు పుట్టకమునుపు ఊరిపేరే చోటికి గుఱుతు.

నవీనశాస్త్రరీతిని తెలుఁగు తీరపు చెట్ల పరిశీలనము పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మొదలైనది. లిన్నేయసు శిష్యుఁడైన కోనిగ్ 1768లో తరంగంబాడి చేరి, పిదప ఆర్కాటు నవాబు కొలువునను, ఈస్టిండియా కంపెనీ కొలువునను ఉండి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. విలియం రాక్స్‌బర్గు 1781 మొదలు సామర్లకోటలో నివసించి, తోట వేయించి, సర్కారు జిల్లాల మొక్కలను సేకరించెను. అతఁడు 1789లో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుఁడుగా నియమితుఁడై, 1793లో కలకత్తా తోటకు వెడలెను. అతని ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూఁడు సంపుటములుగా, మున్నూఱు చిత్రములతో లండనున వెలువడెను. ఆ చిత్రములకు మూలములు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులు.

రాక్స్‌బర్గు చెట్టును వర్ణించునపుడు తెలుఁగువారు దానిని బిలుచు పేరును గూడ వ్రాయుచుండెను. కొన్నియెడల ఆ పేరే శాస్త్రనామమైనది. సోమిద చెట్టు బెరడు జ్వరమునకు సింకోనా బెరడునకు మాఱుగాఁ బనికివచ్చునని యతఁడు ప్రకటించెను. 1830లో ఆ చెట్టునకుఁ బ్రత్యేకప్రజాతి నేర్పఱచినపుడు దానికి ‘సోయ్‌మిడ’ అని పేరుపెట్టిరి. అది తెలుఁగు సోమిదయే. తంబచెట్టునకు ‘షోరియా తుంబుగ్గాయియా’ అని శాస్త్రనామము. అందు మొదటి మాట గవర్నరు జనరలుగా నుండిన షోరు పేరు. రెండవది తెలుఁగు మాటకు లాటిను తొడుగు. ఇట్లు తెలుఁగు శబ్దములు ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందఱ నోటను నిలిచినవి. అయినను రాక్స్‌బర్గు గ్రంథమున ఆకృతియు, పేరును, ఉపయోగమును విశదముగానుండఁగా, చోటు మాత్రము తఱచు ‘సర్కారు కొండలు’ అన్నంతమాత్రమే. సేకరించినవాఁడు సామర్లకోటలో నుండుటచే ఆ చుట్టుపట్ల కొండలు గ్రంథమున కెక్కినవి. పెన్నకు దక్షిణమున నున్న కొండలకు ఆ పాలు దక్కలేదు. ఈ విషయము ముందు మరల ప్రస్తావమునకు వచ్చును.

చోటిని నిర్ణయించుటకు మొదట భూమిని గొలువవలెను. 1802లో లాంబ్టను మదరాసు చెంత ఆధారరేఖను గొలిచి త్రికోణమితి సర్వేను ఆరంభించెను. ఆ కొలతలపై నిలిచిన పటములు వచ్చిన పిమ్మటనే అడవిని గీతలోఁ బెట్టుట సాధ్యమైనది. 1856లో క్లెగ్‌హార్ను అధిపతిగా మదరాసు అటవీశాఖ యేర్పడెను. పిదప బెడ్డోము ఆ శాఖకు చాలకాలము అధిపతిగా నుండి, 1869 మొదలు 1874 వఱకు దక్షిణభారత వృక్షములను గుఱించి ‘ఫ్లోరా సిల్వాటికా’ అను గ్రంథమును బ్రకటించెను. 1882 నాఁటి మదరాసు అటవీచట్టము వలన రిజర్వు అడవుల యెల్లలు వాగులు, గట్లు, పొలిమేరలు చెప్పి ప్రకటింపఁబడసాగెను. ఆ యెల్లలు చెట్ల జాతులను బట్టి గీచినవి కావు; కలప, ఆదాయము, పశువుల మేఁత, జనుల హక్కులు అను వీనిని బట్టి గీచినవి. అయినను తరువాత వచ్చిన వృక్షపటములకు ఆ గీతలే చట్రములైనవి.

బెడ్డోము కడప కొండలలో సేకరించిన మొక్క యొకటి 1883లో ‘సైకాస్ బెడ్డోమై’ అను పేర శాస్త్రమునఁ జేరెను. ఆ కొండలవారు దానిని పేరిత యందురు. గాంబుల్ 1915లో ఆరంభించిన ‘మదరాసు రాజధాని వృక్షావళి’ని, అతఁడు 1925లో మరణింపఁగా, ఫిషరు 1936లో ముగించెను. అందు మొక్క యే జిల్లాలలోఁ గానవచ్చునో చెప్పు పద్ధతి స్థిరపడినది. ఇది రాక్స్‌బర్గు నాఁటికంటె ఒక మెట్టు పైనున్నది. కాని జిల్లా యనునది పరిపాలనకై యేర్పడిన విభాగము. మన్ను, వాన, ఎత్తు అను మూఁటిని బట్టి నిలుచు చెట్టునకు ఆ యెల్లతోఁ బనిలేదు.

ఈ కొఱతను దీర్చుటకు వేఱొక దారి కలిగెను. 1936లో ఛాంపియను భారత, బర్మా దేశముల యడవులను వాని స్వభావమును బట్టి తరగతులుగా విభజించెను. 1968లో సేఠుతోఁ గూడి ఆ విభాగమును సవరించెను. 1955లో పుదుచ్చేరియందు స్థాపింపఁబడిన ఫ్రెంచి పరిశోధనాలయమువారు 1961 మొదలు దక్షిణాపథమునకు వృక్షపటములను వెలువరించిరి. వానియందు నేలమీఁది పది కిలోమీటర్లు పటముపై ఒక సెంటీమీటరు. వానకాలపు నిడివి, వేసవి తీవ్రత, మన్ను, నిలిచియున్న యడవి యొక్క దశ అనునవి రంగులలోఁ జూపఁబడినవి. అడవిని ఆస్తిగాఁ గాక వృక్షసంఘముగాఁ జూపుట వీని విశేషము.

ఎచ్చట ఎన్ని జాతులు, ఎన్ని యచ్చటివే, ఎన్ని నశింపనున్నవి అను ప్రశ్నలను ఒకటిగాఁ గూర్చినవాఁడు నార్మన్ మయర్సు. అతఁడు 1988లో ఉష్ణమండలారణ్యములలోఁ బది కేంద్రములను నిరూపించెను. 2000లో సహచరులతోఁ గూడి ప్రకటించిన వ్యాసమున వాని సంఖ్య 25 అయ్యెను; నేఁడు 36. ఆ వ్యాసమునఁ జెప్పిన లక్షణములు రెండు. భూమండలమున నాళములు గల మొక్కలు రమారమి 3,00,000 జాతులని యెంచి, అందు నూఱింట అరపాలు, అనఁగా 1,500 జాతులు, ఆ ప్రదేశముననే యుండి మఱెచ్చటను లేనివై యుండవలెను. మఱియు నచ్చటి మూలవనమున నూఱింట డెబ్బది పాళ్లకుఁ దక్కువ కాకుండ నశించియుండవలెను. ఆ 25 కేంద్రములలో మిగిలిన వనము భూభాగమున నూఱింట 1.4 పాలు మాత్రమే. మొక్కజాతులలో నూఱింట 44 పాళ్లు ఆ కొంచెము నేలనే యాశ్రయించియున్నవి. భారతదేశమునకుఁ జెందినవి నాలుగు: హిమాలయములు, ఇండో-బర్మా, పడమటి కనుమలు-శ్రీలంక, నికోబారు దీవులు చేరిన సుందాలాండు. పడమటి కనుమలు-శ్రీలంక కేంద్రమున అచ్చటనే పెరుగు మొక్కలు 2,180 జాతులని 2000 నాఁటి లెక్క.

ఈ పట్టికలోఁ దూర్పు కనుమలు లేవు. మహానది మొదలు తమిళనాటి కొండల వఱకు సాగిన యీ కనుమలు పడమటివానివలె నెడతెగని వరుస కావు. గోదావరి, కృష్ణ, పెన్న వీనిని దెంచి పాఱుచున్నవి. ముక్కలైన కొండలగుటచే ఒక్కొక్క ముక్కయందుఁ గొన్ని మొక్కలు మాత్రమే ప్రత్యేకముగ నిలిచినవి. వానిని మొత్తము కూడినను ఆ 1,500 సంఖ్యకుఁ జాలవు. మయర్సు చేసిన లక్షణము తప్పు కాదు. అయితే లక్షణము దేనికొఱకుఁ జేయఁబడినదో దానికే ప్రమాణము. లోకమునకున్న కొలఁది ద్రవ్యమును మొదట నెచ్చట వెచ్చింపవలెనను ప్రశ్నకు అది యుత్తరము. ‘పట్టికలో లేనిచోట రక్షింపవలసినది లేదు’ అని దానినుండి గ్రహించుట అర్థాపత్తి కాదు, అపార్థము.

తిరుమల శేషుని పడగలనియు, అహోబిలము నడుమనియు, శ్రీశైలము తోఁకయనియు జనులు చెప్పుకొను కొండల వరుసను గమనింపుఁడు. శేషాచలము, పాలకొండలు, వెలికొండలు, లంకమల, నల్లమల యను నీ చుట్టుపట్లనే ఎఱ్ఱచందనము స్వతస్సిద్ధముగఁ బెరుగును. లోకమున మఱెచ్చటను దానికి సహజమైన అడవి లేదు. పేరితయు, కొండసాంబ్రాణియు, తెల్లకరకయు, మొగియు, తంబయు ఈ కొండలను, వీని పొరుగు కొండలను మాత్రమే యాశ్రయించినవి. 1987లోను, 1990లోను రెండు సంపుటములుగా వెలువడిన ఎల్లిస్ రచన ‘నల్లమలల వృక్షావళి’ ఈ యడవుల సంపదకుఁ దార్కాణము. నేలవేము జాతిలో నొకదానికి ‘నల్లమలయాన’ అను విశేషణము పెట్టఁబడినది. రాక్స్‌బర్గు నాఁడు చెట్టుపేరు లాటినునఁ జేరఁగా, తరువాత కొండపేరును జేరినది.

1988లో భారతీయ దూరగ్రహణోపగ్రహము మొదటిది ఆకాశమున కెగిరినది. 1975లో హైదరాబాదున నెలకొన్న జాతీయ దూరగ్రహణసంస్థ మొదలగు వారు ఉపగ్రహచిత్రములను వనపరిశీలనమున కుపయోగించిరి. 1998లో ఆరంభమైన జాతీయకార్యమునందు దేశమందలి యడవుల జీవసంపద పటములకెక్కినది; తూర్పు కనుమలును అందుఁ జేరినవి. దాని పద్ధతి యిది. పైనుండి తీసిన చిత్రమున అడవి యెన్ని ముక్కలైనదో, దారులకును ఊళ్లకును ఎంత దగ్గఱగా నున్నదో, నేల యెత్తుపల్లము లెట్టివో చూతురు. క్రింద, ఎంచుకొన్న మడులలో నడచి చెట్లను లెక్కింతురు. ఈ రెంటిని గలిపి ఒక్కొక్క చోటికి విలువ కట్టుదురు. పైనుండి చూచిన కన్ను అడవిని జూడఁగలదు గాని, పొదక్రింది నేలవేమును జూడఁజాలదు. కావున మడిలో నడచినవాని యెఱుకయే పటమునకుఁ బ్రాణము.

ఇచ్చటనే యీ పటముల మూలదోషమును గమనింపవలెను. పటముపైఁ జుక్కలు దట్టముగా నున్నచోట మొక్కలు దట్టముగానున్నవని తోఁచును. కాని యాచుక్కలు సేకరించినవారి యడుగుజాడలు గూడ. రాక్స్‌బర్గు సామర్లకోటలో నుండుటచే సర్కారు కొండలు మొదట వెలుఁగులోనికి వచ్చినవి. బెడ్డోము కడప కొండలెక్కుటచే పేరిత తెలియవచ్చినది. ఎవరును బోనిచోట చుక్కలుండవు. చుక్కలేమి మొక్కలేమికి ప్రమాణము కాదు. దీనికి కొండసాంబ్రాణియే నిదర్శనము. శతాబ్దములుగా యాత్రికులు నడచిన తిరుమల కొండలపై నున్న యీ చెట్టునకు శాస్త్రనామము 1961లో గాని కలుగలేదు. దాని బంకను ఏరి ధూపమువేసిన వారికి మాత్రము అది క్రొత్త చెట్టు కాదు; వారు దానికిఁ బేరు పెట్టుకొనియే యుండిరి. శాస్త్రమునకు లేని చుక్క భాషయందున్నది.

కాఁబట్టి జనుల నోటనున్న పేళ్లను సేకరించుట పటకారునికి సాయము. అయితే యీ సాయము కోశపరిశ్రమ లేనివాని చేతఁ బడిన చెఱుపు కాఁగలదు. పేళ్లకు పర్యాయత, నానార్థత యను రెండు ధర్మములు గలవు. మద్ది యనఁగా తెల్లమద్దియుఁ గావచ్చును, నల్లమద్దియుఁ గావచ్చును. అవి రెండు జాతులు. తెల్లమద్దినే ఏఱుమద్ది యనియు నందురు. ఆ రెండును ఒకటే జాతి. ఇది యెఱుఁగనివాఁడు రెండు చెట్లను ఒక చుక్కగను, ఒక చెట్టును రెండు చుక్కలుగను బెట్టును. మొదటి తప్పువలన ఒక జాతి పటమునుండి మాయమగును. రెండవదానివలన లేని సంపద కానవచ్చును. అమరకోశమున పత్రాంగమును, రక్తచందనమును పర్యాయములుగాఁ జెప్పఁబడినవి. భావప్రకాశమున అవి వేఱువేఱు ద్రవ్యములు. అమరమునే నమ్మి ఎఱ్ఱచందనపు నెలవులను వెదకువాఁడు పతంగపు చెట్టు కడ నిలుచును. చందనమను పేరు చూచి దానిని శ్రీగంధమునకు బంధువనుకొనుటయుఁ బొరపాటే. ఎఱ్ఱచందనము చిక్కుడుకాయల కుటుంబమునకుఁ జేరినది.

ఊరిపేళ్ల విషయమునను ఇట్టి జాగ్రత్త వలయును. పాణిని యొకచోటఁ బేళ్లకుఁ బ్రకృత్యర్థమును జెప్పినను, మఱియొకచోట, మొదటి అధ్యాయము రెండవ పాదమున, అట్టి పేళ్లు సంజ్ఞలనియు, అవయవార్థమే ప్రమాణమైనయెడల ఆ యర్థము తొలఁగినపుడు పేరును తొలఁగవలసివచ్చుననియు హెచ్చరించెను. పేరు తొలఁగదు. వరణవృక్షములు పోయినను నగరము వరణాః అనియే యుండును. వ్యాకరణమున నిది శబ్దసాధుత్వమునకై చెప్పిన మాట. వనచరిత్రమునకును ఇది యుపకరించును. ఊరిపేరు, చెట్టు నేఁడున్నదనుటకు సాక్షి కాదు. ఒకనాఁ డుండియుండుననుటకు సూచన. మద్దిమడుగున మడుగు శబ్దమునుబట్టి నీటియొడ్డునఁ బెరుగు తెల్లమద్ది యుద్దిష్టమని యూహింపవచ్చును. కాని యూహ నేలపైఁ జూచిన పిమ్మటనే ప్రమాణమగును. పేరుండి చెట్టు లేనిచోట్లను వేఱుగాఁ గుఱుతుపెట్టినయెడల, తఱిగిన యడవికి అది యొక పటమగును.

ఈ పరిశీలనము పాండిత్యవినోదము కొఱకుఁ గాదు. ఎఱ్ఱచందనపు దుంగలు దొంగతనముగ విదేశములకు సాగుట చేతనే ఆ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య నియమపు రెండవ అనుబంధమున 1995లోఁ జేర్పఁబడెను. పేరిత మగకంకులు మదనమస్తు అను పేర మందులకై యమ్ముడగుచుండుటచే ఆ మొక్క మొదటి యనుబంధమునకే యెక్కెను. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానమును, 2010లో రమారమి 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచల జీవావరణ రక్షితప్రదేశమును ఏర్పడినవి. ఇవి ప్రపంచపట్టికలోఁ జేరని కొండలకు దేశమువారు స్వయముగాఁ గల్పించిన రక్ష. అయినను ఎల్ల గీచినంతమాత్రమున గొడ్డలి యాగదు. పైగా అపురూపమైన మొక్క యున్నచోటిని అంగుళముతోఁ జూపు పటము రక్షకునకెంత యుపకరించునో దొంగకును అంతయే యుపకరించును. కావున సూక్ష్మపటము రక్షకుల కడను, స్థూలపటము ప్రజల కడను ఉండుట యుచితము.

2002 నాఁటి జీవవైవిధ్య చట్టమునుబట్టి ప్రతి స్థానికసంస్థయందును ఒక సంఘ మేర్పడవలెను. ఆ సంఘము తన యూరి చెట్టుచేమలను, వానిని గుఱించిన జనుల యెఱుకను జీవవైవిధ్య రిజిస్టరున నెక్కింపవలెను. ఆ చట్టమునందే వైవిధ్యసంపన్నములైన చోట్లను వారసత్వస్థలములుగాఁ బ్రకటించుటకు రాష్ట్రప్రభుత్వములకు అధికార మీయఁబడినది. రిజిస్టరున నెక్కిన పేరు పటమున కెక్కును. పటమున కెక్కినది రక్షకు నోఁచుకొనును. అందు మద్ది యని మాత్రము వ్రాసిన యెడల ఏ మద్దికి రక్ష కలిగినట్లు? నల్లమల చెంచువాఁడు చెప్పిన పేరును విని, పొరుగూరి పేరుతోఁ బోల్చి, ఆకును, కాయను జేర్చి, శాస్త్రనామముతో సరిచూచి వ్రాయఁగలవారు ఊళ్లయందుండవలెను. నిఘంటువుల శోధనము, పాఠశాలలయందు శబ్దార్థబోధనము చేయువారికి ఇది తమ విద్యకు వెలుపలి పని కాదు. చెప్పువారు పోయిన పిమ్మట పేరును, దున్నిన పిమ్మట చెట్టును మరల రావు; రెంటిని గలిపి వ్రాసికొనుటకు మిగిలినది ఈ నడుమనున్న కాలమే.